గీసేవాళ్ల బతుకు మీద కామిక్స్: విజయనగరంలో ఉండి చిన్న ప్రెస్ పుస్తకాలు పట్టుకోవడం ఎలా

డ్యూటీ దిగి, అన్నం తిని, రాత్రి పదింటికి బల్ల ముందు కూర్చుని బొమ్మలు వేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పత్రికవాళ్లు వేసుకోరేమో అనుకుంటూనే కథ రాసి పంపేవాళ్లు, "దీనివల్ల ఏం వస్తుందిరా" అని ఇంట్లో అంటున్నా పని మానని వాళ్లు కూడా. అలాంటి వాళ్లే కొందరు తమ బతుకునీ, తమ పనినీ, పని కుదరని రోజుల్నీ కామిక్స్‌గా గీసి, సొంత డబ్బుతో వందో రెండొందలో కాపీలు అచ్చేసుకుని చేతికి చేతికి అమ్ముకుంటారు, లేదా నలుగురైదుగురు నడిపే చిన్న ప్రచురణ సంస్థకి ఇస్తారు. నేను మాట్లాడేది ఆ పుస్తకాల గురించి. మన విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ నోటు పుస్తకాల వెనకాల బొమ్మలేసే గుంటలకి ఇవి చేరితే వాళ్లకి ఎంత ధైర్యం వస్తుందో నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఇవి కొట్లో వెతికితే దొరకవు. గంటస్తంభం చుట్టూ ఉన్న పుస్తకాల షాపులన్నీ తిరిగినా గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, మహా అయితే పిల్లల బొమ్మల కథలు ఉంటాయి. ఆన్‌లైన్‌లో 'కామిక్స్' అని కొడితే సూపర్ హీరోలు వస్తారు. వీటిని పట్టుకునే దారి ఒక్కటే, మనుషుల వెంట వెళ్లడం. ఒక గీసేవాడి పుస్తకం దొరికితే వాడు ఎవరిని చదివాడు, ఎవరికి థాంక్స్ చెప్పాడు, ఎవరితో కలిసి అచ్చు వేశాడు అని చూసుకుంటూ పోవాలి.

మొదట: మీకు ఎలాంటిది కావాలో తేల్చుకోండి

ఇది చిన్న పనే కానీ దాటేయకండి. 'సృజన జీవితం మీద కామిక్స్' అని అంటాం గానీ అందులో చాలా రకాలున్నాయి, మీకు పడని రకంతో మొదలుపెడితే రెండో పుస్తకం జోలికి పోరు.

రోజూ గీసే డైరీలు ఒక రకం. జేమ్స్ కొచాల్కా అనే అమెరికన్ 1998 నుంచి 2012 వరకు ఏ రోజుకారోజు తన రోజు మీద ఒక చిన్న స్ట్రిప్ గీసుకుంటూ పోయాడు, అమెరికన్ ఎల్ఫ్ అని దాని పేరు. ఇలాంటివి నాలుగైదు పేజీలు చదివితే ఏముందిలే అనిపిస్తుంది, యాభై పేజీలు చదివేసరికి ఒక మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ఓపిక తక్కువైన రోజుల్లో చదువుకోవడానికి ఇవే మంచివి.

మొత్తం జీవితం చెప్పేవి ఇంకో రకం. జపాన్ ఆర్టిస్టు యొషిహిరో తత్సుమి గీసిన ఎ డ్రిఫ్టింగ్ లైఫ్ (ఇంగ్లీషులో 2009) 800 పైచిలుకు పేజీలు. యుద్ధం అయిపోయాక ఒసాకాలో పెరిగిన ఒక కుర్రాడు పోస్టుకార్డుల మీద చిన్న చిన్న కామిక్స్ గీసి పత్రికల పోటీలకి పంపుతుంటాడు, అక్కడ మొదలవుతుంది కథ. మన దగ్గర కూడా ఒక తరం కార్టూనిస్టులు వారపత్రికలకి అలాగే పోస్టులో బొమ్మలు పంపి, వచ్చే వారం పుస్తకం కోసం షాపు దగ్గర నిలబడ్డవాళ్లే కదా, మనవాళ్లకి ఈ పుస్తకం ఇట్టే తగులుతుంది.

మూడోది నేర్పే రకం. లిండా బారీ అనే ఆవిడ విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఆ పాఠాలనే బొమ్మలతో నింపి సిలబస్ (2014), మేకింగ్ కామిక్స్ (2019) అని పుస్తకాలు వేసింది. అస్సలు బొమ్మలు రావు అనుకునేవాళ్ల కోసమే ఆవిడ పాఠం. అందులో ఒక అభ్యాసం చెబుతాను, ఇవాళే చేసి చూడొచ్చు: పేజీని గళ్లుగా గీసి, ఒక గడిలో ఇవాళ చేసినవి ఏడు, ఇంకోదాంట్లో చూసినవి ఏడు, ఒకచోట చెవినపడ్డ ఒక మాట, ఒకచోట గబగబా వేసిన ఒక చిన్న బొమ్మ. ఆలోచించకుండా, కొన్ని నిమిషాల్లో. రోజూ చేస్తే నెల తిరిగేసరికి చూపు మారుతుంది. 'చూసినవి ఏడు' అనే గడి నింపాలంటే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడ్డప్పుడు ఫోన్‌లోంచి తల ఎత్తాల్సిందే.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం, ఉద్యోగం చేసుకుంటూ గీసేవాళ్లవీ రాసేవాళ్లవీ. హార్వీ పెకార్ క్లీవ్‌లాండ్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఫైళ్లు సర్దే గుమాస్తా. బొమ్మలు వేయడం రాదు. కాగితం మీద పుల్లలాంటి మనుషుల్ని గీసి, ఎవరు ఎక్కడ ఏం మాట్లాడాలో రాసి, బొమ్మలొచ్చిన స్నేహితులకి ఇచ్చేవాడు. అలా 1976లో అమెరికన్ స్ప్లెండర్ అని సొంత ఖర్చుతో వేయడం మొదలుపెట్టాడు. అందులో ఏముంటుంది? ఆఫీసులో మాటలు, కొట్లో క్యూలో నిలబడటం, పాత రికార్డులు కొనడం, రాయాలని కూర్చుంటే రాకపోవడం. కలెక్టరాఫీసులోనో మున్సిపాలిటీలోనో పనిచేస్తూ సాయంత్రాలు కథలు రాసుకునే వాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకి ఈ పుస్తకం ఇవ్వండి. "నాకు బొమ్మలు రావు కాబట్టి కామిక్స్ నాది కాదు" అనే మాట ఇక రాదు.

రెండోది: అమెరికా దాకా పోకండి, చెన్నై నుంచి మొదలుపెట్టండి

పైన చెప్పినవన్నీ బయటి దేశాలవి, ఖరీదు ఎక్కువ. మొదటి పుస్తకం మాత్రం మన దగ్గర్లో అచ్చయింది కొనుక్కోండి. చెన్నైలో తారా బుక్స్ అని ఒక ప్రచురణ సంస్థ 1994 నుంచి ఉంది. వాళ్ల పుస్తకాలు కొన్ని చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసినవి, కాగితం కూడా చేత్తో చేసిందే, తెరిస్తే రంగు వాసన వస్తుంది. ఇవి అచ్చంగా గళ్లు గళ్లుగా ఉండే కామిక్స్ కాకపోవచ్చు, బొమ్మల పుస్తకాలు అనాలి. అయినా కళ నేర్చుకున్న మనిషి తన కథ తానే బొమ్మల్లో చెప్పుకోవడం అనే విషయంలో వీటికి సాటి వచ్చేవి తక్కువ.

ది లండన్ జంగిల్ బుక్ (2004) తీసుకోండి. మధ్యప్రదేశ్‌లో పటన్‌గఢ్ అనే గోండు ఊరి నుంచి వచ్చిన భజ్జూ శ్యామ్ భోపాల్‌లో రాత్రిపూట వాచ్‌మన్‌గా కూడా పనిచేశాడు, తర్వాత చిన్నాన్న జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. లండన్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్ గోడ మీద బొమ్మలేయమని పిలిస్తే వెళ్లాడు. ఊరికి తిరిగొచ్చి చూసింది చూసినట్టు కాకుండా తన భాషలో గీశాడు. బిగ్ బెన్ గడియారం ఒక కోడిపుంజు అయిపోయింది, ఎందుకంటే ఊళ్లో టైము చెప్పేది కోడే. గడియారం ముఖమే కోడి కన్ను. ఎక్కిన విమానం గాల్లోకి లేస్తున్న ఏనుగు. రోజూ పనికి తీసుకెళ్లిన 30వ నంబరు బస్సు నమ్మకంగా వచ్చే కుక్క. ఒక ఆర్టిస్టు కొత్త చోటుకి వెళ్తే తన కళ్లు తనతో తీసుకెళ్తాడు అనే సంగతిని ఒక్క వాక్యం ఉపదేశం లేకుండా ఆ కోడిపుంజు చెప్పేస్తుంది. మన సీతంపేట వైపు సవర గోడబొమ్మలు చూసి పెరిగినవాళ్లు ఈ పుస్తకం ముందు చాలాసేపు కూర్చుంటారు. భజ్జూ శ్యామ్‌కి 2018లో పద్మశ్రీ వచ్చింది.

దాని పక్కనే ఫాలోయింగ్ మై పెయింట్ బ్రష్ పెట్టుకోండి. బీహార్ మధుబని దగ్గర మత్స్యకారుల ఇంట పుట్టిన దులారీ దేవి ఇళ్లల్లో పనిమనిషిగా చేస్తూ, ఆ ఇంట్లో ఆడవాళ్లు బొమ్మలేస్తుంటే చూసి చూసి తానూ మొదలుపెట్టింది, ఆ కథే పుస్తకం. ఆవిడకి 2021లో పద్మశ్రీ. డ్రాయింగ్ ఫ్రమ్ ద సిటీలో తేజూ బెహన్ అనే ఆవిడ రాజస్థాన్‌లో పాటలు పాడుకునే కుటుంబం నుంచి అహ్మదాబాద్ చేరి పెన్నుతో గీతలు, చుక్కలు పెట్టుకుంటూ బొమ్మలు నేర్చుకున్న సంగతి ఉంటుంది. పాట కట్టే మనిషి గీత గీసే మనిషిగా మారడం నేను ఇంకెక్కడా ఇంత దగ్గరగా చూడలేదు.

చెన్నైలోనే బ్లాఫ్ట్ అని ఇంకో చిన్న సంస్థ ఉంది. వాళ్లు వేసిన స్టుపిడ్ గై గోస్ టు ఇండియా మన విషయానికి అచ్చంగా సరిపోతుంది. యుకిచి యమమత్సు అనే జపాన్ కామిక్స్ ఆర్టిస్టుకి ఇండియాలో కామిక్స్ అమ్మితే బాగుంటుందని ఆలోచన వచ్చి, హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, అయినా 2004లో ఢిల్లీ వచ్చేసి, గది వెతుక్కుని, ఒక జపనీస్ కామిక్స్‌ని హిందీలోకి అనువాదం చేయించి, ప్రెస్ వాళ్లతో తిప్పలు పడి అచ్చేయించి, రోడ్డు మీద నిలబడి అమ్మబోయాడు. ఆ కథంతా ఆయనే గీశాడు. సొంతంగా ఏదైనా అచ్చేయించినవాళ్లకి ఆ ప్రెస్ పేజీలు చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇది జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకి చదవాలి, వెనక అట్ట నుంచి మొదలుపెట్టండి.

తెలుగులో ఏమీ లేదా అంటారు. గళ్ల కామిక్స్‌గా తక్కువే, కానీ చుట్టుపక్కల చూడాలి. కార్టూనిస్టు మోహన్ రాసిన కార్టూన్ కబుర్లు, ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ కోతికొమ్మచ్చి, దానికి బాపు వేసిన బొమ్మలు, ఈ రెండూ గీసేవాళ్ల రాసేవాళ్ల లోపలి జీవితాన్ని చెప్పేవే. ఒక ఆదివారం శ్రీకాకుళంలో కథానిలయానికి కూడా వెళ్లండి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఆ గ్రంథాలయం కథల కోసమే కట్టింది, కానీ అక్కడి పాత పత్రికల్లో కథల పక్కన వేసిన బొమ్మల్ని చూడండి. కింద మూల సంతకం చదవండి, ఏ సంవత్సరం గీత ఎలా మారిందో పోల్చుకోండి. చందమామ అట్టల మీద 'వపా' అని సంతకం చేసిన వడ్డాది పాపయ్య శ్రీకాకుళంలోనే 1921లో పుట్టారు. ఆయన జీవితం మీద ఒక కామిక్స్ ఇంతవరకు నా కళ్లబడలేదు. ఎవరైనా గీస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

మూడోది: పుస్తకం చివరి పేజీల నుంచి తీగ లాగండి

అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడొద్దు. పుస్తకం చదవడం అయిపోయాక అట్ట మూయకండి. కృతజ్ఞతల పేజీ, ప్రచురణ వివరాల పేజీ, ముందుమాట ఎవరు రాశారు, డిజైన్ ఎవరిది, అనువాదం ఎవరిది, వెనక అట్ట మీద ఎవరు మెచ్చుకున్నారు, ఇవన్నీ పెన్ను పెట్టుకుని చదవండి. ప్రతి పేరూ ఇంకో పుస్తకానికి దారి.

ఒక తీగ లాగి చూపిస్తాను. పైన చెప్పిన తత్సుమి పుస్తకం ప్రచురణ వివరాలు చూస్తే దాన్ని వేసింది కెనడా మాంట్రియల్‌లోని డ్రాన్ అండ్ క్వార్టర్లీ అని తెలుస్తుంది. ఇంగ్లీషు ప్రతికి సంపాదకత్వం, డిజైన్ ఏడ్రియన్ టొమినే. ఎవరీయన అని వెతికితే, ఆయనా కామిక్స్ ఆర్టిస్టే, 1991లో హైస్కూల్లో ఉండగా ఆప్టిక్ నర్వ్ అని సొంతంగా చిన్న చిన్న పుస్తకాలు వేసుకుని అమ్మినవాడు, తర్వాత అదే డ్రాన్ అండ్ క్వార్టర్లీ ఆయన్ని తీసుకుంది. ఇంకొంచెం వెతికితే ఆయన 2020లో వేసిన ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్ డిస్టెన్స్ కార్టూనిస్ట్ దొరుకుతుంది. చిన్నప్పుడు బళ్లో కార్టూనిస్టు అవుతానంటే నవ్విన పిల్లల దగ్గర్నుంచి, పెద్దయ్యాక పుస్తకం సంతకాల సభకి జనం రాకపోవడం దాకా, పడ్డ అవమానాలన్నీ వరసగా ఉంటాయి. పుస్తకం చేతిలోకి తీసుకుంటే అది గళ్ల నోటుబుక్కులా ఉంటుంది, చుట్టూ ఎలాస్టిక్ బ్యాండ్ కూడా ఉంటుంది, ఎవరిదో సొంత డైరీ తెరుస్తున్నామేమో అని ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. చూశారా, జపాన్ ముసలాయన పుస్తకం వెనక పేజీలో ఒక్క పేరు పట్టుకుంటే ఇక్కడి దాకా వచ్చాం, మధ్యలో ఏ రేటింగులూ ఏ టాప్ టెన్ లిస్టులూ చూడలేదు.

కొందరు గీసేవాళ్లు ఈ పని మనకి ఇంకా సులువు చేస్తారు. జాన్ పొర్సెలీనో 1989 నుంచి కింగ్-క్యాట్ అని చిన్న పుస్తకం సొంతంగా వేస్తున్నాడు. నాలుగు గీతలతో మనిషి, రెండు గీతలతో చెట్టు, అంత సాదాగా. అందులో పాఠకుల ఉత్తరాలు వేస్తాడు, తనకి ఆ మధ్య నచ్చినవాటి జాబితా కూడా వేస్తాడు, పుస్తకాలు, పాటలు, పిట్టలు అన్నీ కలిపి. ఒక మంచి ఆర్టిస్టు ఇష్టపడినవి వెతుక్కుంటూ పోవడం కంటే మంచి కోర్సు లేదు.

దీనికోసం ఒక రూళ్ల పుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు చదివిన పుస్తకం, కుడివైపు అందులో దొరికిన పేర్లు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు తీసుకుంటే మళ్లీ చూడరు.

నాలుగోది: ఆన్‌లైన్‌లో ఏం టైప్ చేయాలి

ఇంగ్లీషులోనే కొట్టండి, తెలుగులో కొడితే ఇంకా పెద్దగా రావు. 'మినీ కామిక్స్' (mini comics, సొంతంగా వేసుకునే బుల్లి పుస్తకాలు), 'డైరీ కామిక్స్' (diary comics), 'ఆటోబయో కామిక్స్' (autobio comics, సొంత జీవితం మీదవి), 'స్మాల్ ప్రెస్ కామిక్స్' (small press comics), వీటి పక్కన మీ పనికి సంబంధించిన మాట ఒకటి చేర్చండి. పెయింటింగ్, పాట, రాయడం, కుండలు, నేత, ఏదైనా. అలా చేస్తే పెద్ద కంపెనీల పుస్తకాలు కిందికి పోయి అసలువి పైకి వస్తాయి.

ఫిబ్రవరి 1 తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ రోజుని అవర్లీ కామిక్స్ డే అంటారు. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ ఒక చిన్న కామిక్ గీసి పెట్టేస్తారు, పళ్లు తోముకోవడం నుంచి రాత్రి పడుకునే ముందు చెయ్యి నొప్పి దాకా. ప్రపంచంలో గీసేవాళ్ల ఇళ్లన్నీ ఆ ఒక్కరోజు తలుపులు తీసి ఉంటాయి. ఆ పేరుతో వెతికి, నచ్చిన ఐదారుగురిని ఫాలో అవండి, ఏడాది పొడవునా వాళ్లు వేసేవి మీ దగ్గరికే వస్తాయి.

ఇంకోటి ఇగ్నాట్జ్ అవార్డులు. అమెరికాలో మేరీల్యాండ్‌లో స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో అని 1994 నుంచి జరిగే ఉత్సవంలో 1997 నుంచి ఇస్తున్నారు, చిన్న ప్రచురణలకే. గెలిచినవాళ్ల కంటే తుది జాబితాలోకి వచ్చినవాళ్ల పేర్లు చూడండి, అందులో ఒక మినీ కామిక్ విభాగం కూడా ఉంటుంది. పాత సంవత్సరాల జాబితాలు కూడా దొరుకుతాయి, రెండు మూడు సాయంత్రాలకి సరిపడా పని.

ఐదోది: కొనడం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అచ్చు పుస్తకం బయటి దేశం నుంచి తెప్పించుకుంటే పోస్టు ఖర్చే పుస్తకం ఖరీదుని మించిపోవచ్చు. అందుకని వరస ఇలా పెట్టుకోండి: ముందు పీడీఎఫ్ అమ్ముతున్నారా చూడండి, చాలామంది గీసేవాళ్లు సొంత సైటులో గానీ గమ్‌రోడ్, ఇచ్.ఐఓ లాంటి చోట గానీ అమ్ముతారు, కొందరు మీకు తోచినంత ఇవ్వండి అని కూడా పెడతారు. అది నచ్చి, చేతిలో పట్టుకోవాలనిపిస్తేనే అచ్చు ప్రతి. డ్రాన్ అండ్ క్వార్టర్లీ, సియాటిల్‌లోని ఫాంటాగ్రాఫిక్స్ లాంటి కాస్త పెద్దవాళ్ల పుస్తకాలు మన దేశంలో ఆన్‌లైన్ షాపుల్లోనే దొరుకుతాయి, కాకపోతే చాలాసార్లు వెయ్యి రూపాయలు దాటతాయి. ముగ్గురు నలుగురు కలిసి తలా ఒకటి కొని మార్చుకోండి.

బయటి సైట్లలో యూపీఐ మామూలుగా పనిచేయదు. మీ డెబిట్ కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి అది ఆన్ చేసి, పక్కనే లిమిట్ చిన్నది పెట్టి, కొనడం అవగానే మళ్లీ ఆఫ్ చేయండి. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు, రెండు నిమిషాల పని. ఇండియాలో సొంతంగా వేసుకునే ఆర్టిస్టులు అయితే యూపీఐ తీసుకుంటారు, మెసేజ్ పెడితే వాళ్లే జవాబిస్తారు. రాజాం, పాలకొండ, టెక్కలి దాటి లోపలి ఊళ్లలో ఉండేవాళ్లు ప్రైవేటు కొరియర్ వద్దని, స్పీడ్ పోస్టులో పంపమని ముందే చెప్పండి. పోస్ట్‌మాన్‌కి మీ ఇల్లు తెలుసు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎవరో స్కాన్ చేసి గ్రూపుల్లో పడేసిన ఫైళ్లు తీసుకోకండి. పెద్ద సినిమా కంపెనీ సంగతి వేరే ఎవరైనా మాట్లాడుకోనివ్వండి, ఇక్కడ మాత్రం ఆ వంద కాపీలు ఒక మనిషి జీతంలోంచి అచ్చయినవి, అవి అమ్ముడైతేనే తర్వాతిది వస్తుంది. డబ్బు లేకపోతే ఆ ఆర్టిస్టుకే రాయండి, "నేను స్టూడెంట్‌ని, ఇంతే ఇవ్వగలను" అని. ఇచ్చేస్తారు చాలామంది.

ఆరోది: ఉత్సవాలకి వెళ్లండి, కానీ ఊరికే తిరగకండి

విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో, హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో మామూలుగా జరుగుతాయి. వాటిలో పెద్ద స్టాళ్ల సంగతి సరే, మూలన బల్ల వేసుకుని తమ పుస్తకాలు తామే అమ్ముకునేవాళ్లని వెతకండి. ఇండీ కామిక్స్ ఫెస్ట్ పేరుతో ముంబై, బెంగళూరు, కొచ్చి లాంటి ఊళ్లలో జరిగేవి పూర్తిగా ఇలాంటి వాళ్లవే, అటు ఏదైనా పని పడితే తేదీ చూసుకుని పెట్టుకోండి.

బల్ల దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఎంత?" కాదు. "ఈ హాల్లో మీకు నచ్చిన ఇంకో పుస్తకం ఎవరిదండీ?" అని అడగండి. వాళ్లు లేచి వేలు పెట్టి చూపిస్తారు. అలా బల్ల నుంచి బల్లకి వెళ్లారంటే మధ్యాహ్నానికి ఆ హాల్లో అసలైనవన్నీ మీ సంచిలో ఉంటాయి.

ఏడోది: మీరూ ఒకటి వేయండి

ఇది బోనస్ కాదు, వెతకడంలో భాగమే. ఈ లోకంలో మార్పిడి అనేది పాత పద్ధతి, నా పుస్తకం మీకు, మీది నాకు. మీ చేతిలో ఒకటి ఉంటే డబ్బు లేకుండానే చాలా దొరుకుతాయి, పైగా మాట కలుస్తుంది.

ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం వస్తుంది. కాగితం అడ్డంగా పెట్టి పొడుగునా సగానికి మడిచి విప్పండి. ఇప్పుడు అడ్డంగా సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు కనిపిస్తాయి. అడ్డంగా ఒక్క మడత మాత్రం ఉంచి, మడత ఉన్న అంచు నుంచి మధ్య గీత వెంట మొదటి అడ్డగీత దాకా కత్తిరించండి, అక్కడ ఆపేయాలి. విప్పితే కాగితం నడిమధ్యలో ఒక చీలిక ఉంటుంది. పొడుగునా మడిచి రెండు చివర్లనీ లోపలికి నెడితే చీలిక తెరుచుకుని గళ్లు కూడికల గుర్తులా నిలబడతాయి, వాటిని ఒకవైపుకి తిప్పి నొక్కితే పుస్తకం. పిన్ను అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. ముందు తెల్లకాగితంతో ఒక నమూనా మడిచి, పేజీ నంబర్లు పెన్సిల్‌తో వేసి, విప్పి చూడండి, ఏ పేజీ తలకిందులుగా గీయాలో అప్పుడు తెలుస్తుంది.

గీసేటప్పుడు నల్ల జెల్ పెన్ను వాడండి, లేత పెన్సిల్ జిరాక్సులో పోతుంది. నాలుగు వైపులా వేలెడు ఖాళీ వదలండి, మిషను అంచుల దాకా తీయదు. మొత్తం ఒకవైపే ఉంటుంది కాబట్టి షాపు అబ్బాయికి "సింగిల్ సైడ్, సైజు మార్చకండి" అంటే చాలు. ముందు ఒక్క కాపీ తీయించుకుని, అక్కడే మడిచి చూసుకుని, అప్పుడు మిగతావి తీయించండి.

దేని మీద గీయాలి అంటే మీ చుట్టూ ఉన్న పనివాళ్ల మీద. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే మనిషి పనస దుంగ తొలుస్తుంటే ఎటు కూర్చుంటాడు, ఏ కాలితో నొక్కి పట్టుకుంటాడు, ఆ ఒక్కటే ఎనిమిది పేజీలకి చాలు. ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డు పెయింటర్లు ఏం చేస్తున్నారు? తప్పెటగుళ్ల బృందంలో గజ్జెలు ఎవరు దాచిపెడతారు, వాటికి తోలు ఎవరు మారుస్తారు? మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగుతూ ఒక సంగీత కళాశాల స్టూడెంటు సాధన గురించి చెప్పిన నాలుగు మాటలు కూడా కామిక్కే. అడిగి గీయండి, పేర్లు వేయొచ్చా అని కనుక్కోండి, అచ్చయ్యాక వాళ్లకి రెండు కాపీలు ఇవ్వండి.

బొమ్మలు రావా, పెకార్ పద్ధతి ఉంది కదా. మీరు పుల్లల మనుషులతో రాసివ్వండి, డ్రాయింగ్ క్లాసుకి వెళ్లే పక్కింటి అమ్మాయి గీస్తుంది, ఇద్దరి పేర్లూ అట్ట మీద వేసుకోండి. టైము లేదంటారా, స్కాట్ మెక్‌క్లౌడ్ 1990లో పెట్టిన పందెం ప్రకారం 24 గంటల్లో 24 పేజీలు గీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మనది ఎనిమిదే.

తెలుగులోనే రాయండి. వేరే రాష్ట్రం వాళ్లతోనో బయటి దేశం వాళ్లతోనో మార్పిడి చేసుకునేటప్పుడు పేజీ నంబర్ల వారీగా మాటలన్నీ ఇంగ్లీషులో రాసిన చిన్న చీటీ ఒకటి లోపల పెట్టండి. వెనక అట్ట మీద మీ ఊరు పేరు, మీకు ఉత్తరం రాసే వీలు, ఆ కింద మీరు ఈ మధ్య చదివిన నాలుగైదు చిన్న పుస్తకాల పేర్లు వేయండి. ఇంటి అడ్రస్ వేయొద్దు, ఈమెయిల్ చాలు. ఒక ఏ4 కాగితం అయిదు గ్రాములు కూడా తూగదు, కవరుతో కలిపి రెండు మూడు కాపీలు 20 గ్రాముల మామూలు ఉత్తరంలోనే వెళ్లిపోతాయి. మొదటి కవరు కథానిలయానికి పంపండి, రెండోది మీరు చదివిన పుస్తకం గీసినవాళ్లకి.